హెర్బీ హాంకాక్ ‘టేకిన్ ఆఫ్’: పదహారేళ్లు విన్నాక

ఈ సీడీ నా చేతికొచ్చింది 2009 వేసవిలో. మా బాబాయి కొడుకు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. సెలవులకి ఇంటికొస్తూ పాత సీడీల కొట్లో దొరికిందని తెచ్చాడు. “నువ్వు కీబోర్డు వాయిస్తావు కదన్నయ్యా, ఇది పియానో ఆయన మొదటి ఆల్బమంట. ఎలా ఉందో విని చెప్పు” అన్నాడు. అప్పుడు ముక్తసరిగా ఏదో చెప్పాను. ఇప్పుడైతే వివరంగా చెప్పగలను అనిపించి రాస్తున్నాను.

ఆల్బమ్ పేరు ‘టేకిన్ ఆఫ్’. అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు హెర్బీ హాంకాక్ తన పేరు మీద చేసిన తొలి రికార్డు. 1962 మే 28న, ఒక్కరోజులో, న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రుడీ వాన్ గెల్డర్ స్టూడియోలో వాయించి ముగించారు. బ్లూ నోట్ కంపెనీ అదే ఏడాది విడుదల చేసింది. ఆరు ట్యూన్లు. ఆరూ హాంకాక్ సొంతంగా కట్టినవే. అన్నీ కలిపి 39 నిమిషాలు. అప్పటికి అతనికి 22 ఏళ్లు.

నా పనేంటో కూడా చెప్పాలి, లేకపోతే ఈ రికార్డు నన్ను ఎందుకు పట్టుకుందో అర్థం కాదు. గుంటూరు, తెనాలి వైపు పాటకచేరీల్లో ఇరవై ఏళ్లకు పైగా సెకండ్ కీబోర్డు వాయిస్తున్నాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి, తిరునాళ్లు. ఫస్ట్ కీబోర్డు ఆయన వేణువు బిట్లు, వీణ బిట్లు, వయొలిన్ లీడ్లు వాయిస్తాడు. జనం కళ్లన్నీ ఆయన వేళ్ల మీదే ఉంటాయి. సెకండ్ కీబోర్డు కింద కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు) పట్టుకోవాలి, స్ట్రింగ్స్ నింపాలి, పాడేవాళ్లు పల్లవి నుంచి చరణంలోకి అడుగేసేటప్పుడు చేయి అందించాలి. కచేరీ భాషలో చెప్పాలంటే పక్కవాద్యం. ఆ పని చేసే చెవులతోనే ఈ ఆల్బమ్ విన్నాను.

మొదటిసారి వింటే నిరాశే మిగిలింది. పియానో ఆయన ఆల్బమ్ అన్నాడు కదా, మరి పియానో ఏది? ఎక్కడ చూసినా ట్రంపెట్, శాక్సోఫోనే. పియానో సోలో, అంటే ఒక్కడే ముందుకొచ్చి అప్పటికప్పుడు అల్లి వాయించే భాగం, వచ్చేసరికి మూడో వంతు. అది కూడా గబగబా పరుగులు తీసి చప్పట్లు కొట్టించుకునే రకం కాదు. సీడీ పెట్టెలో పెట్టేశాను. మళ్లీ ఆరేడు నెలలు దాని జోలికి పోలేదు.

మళ్లీ తీయించింది మొదటి ట్యూన్ ‘వాటర్‌మెలన్ మ్యాన్’ వెనకున్న సంగతి. హాంకాక్ పుట్టి పెరిగింది షికాగోలో. పదకొండేళ్లకే షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి మోజార్ట్ పియానో కృతి వాయించిన పిల్లవాడు. గ్రినెల్ కాలేజీలో ముందు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరి తర్వాత సంగీతంలోకి మారాడు. మొదటి రికార్డుకి ఏం రాయాలా అని ఆలోచిస్తే, పత్తిచేలూ జైలు కూలీల పాటలూ తన బతుకులో లేవు, తను పట్నం కుర్రాడు. మరి తన వీధిలో ఏముంది? పుచ్చకాయల బండి ఉంది. షికాగో వెనక సందుల్లో గుర్రబ్బండి మీద పుచ్చకాయలు అమ్ముకుంటూ ఒకాయన వచ్చేవాడు. రాళ్లు పరిచిన దారి మీద చక్రాలు దొర్లే చప్పుడు పియానోలోకి వచ్చింది. ఆడవాళ్లు వరండాల్లోంచి, కిటికీల్లోంచి ‘హేయ్, పుచ్చకాయలాయనా’ అని పిలిచే పిలుపు ట్రంపెట్, శాక్సోఫోన్ కలిసి వాయించే రాగమైంది.

అమ్మేవాడి కేకని కాకుండా కొనేవాళ్ల పిలుపుని పట్టుకోవడం చూశారా, అక్కడే నాకు ఈయన చెవి ఎలాంటిదో తెలిసింది. మా అమ్మ మేడ మీంచి “ఓ కూరగాయలబ్బాయ్” అని పిలిస్తే చివర్న ఆ ‘య్’ ఎంతసేపు సాగేదో గుర్తొచ్చింది. ట్యూన్‌లో ఆ పిలుపు సరిగ్గా అలాగే సాగుతుంది.

పేరు విషయంలో హాంకాక్ తటపటాయించాడట. అమెరికాలో నల్లవాళ్లని వెక్కిరించడానికి పుచ్చకాయ బొమ్మని తరాల తరబడి వాడారు. దాన్నే తన తొలి ట్యూన్‌కి పేరుగా పెట్టాలంటే మనసు ఒప్పుకోవాలి కదా. తన వీధిలో నిజంగా తిరిగిన మనిషి, ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదని చివరికి ఆ పేరే ఉంచాడు. 2014లో వచ్చిన తన ఆత్మకథ ‘పాసిబిలిటీస్’లో ఈ సంగతి చెప్పుకున్నాడు. ఆ మాట తెలిశాక ఈ ట్యూన్ సరదా పాటలా వినడం మానేశాను.

ఇక దాని కట్టుబడి. ఇది బ్లూస్, అమెరికా నల్లవాళ్ల పాటల్లోంచి వచ్చిన కట్టుబడి. మామూలు బ్లూస్ పన్నెండు బార్లు ఉంటుంది, బారంటే నాలుగు దెబ్బల ముక్క. మన లెక్కలో చెబితే, షడ్జమం మీద కట్టిన కార్డు నాలుగు బార్లు, మధ్యమం మీద రెండు, మళ్లీ షడ్జమం రెండు, ఆ తర్వాత పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, చివరి రెండు బార్లకి షడ్జమానికి చేరిక. ఇందులో హాంకాక్ మార్చింది ఒక్కటే. ఆ పంచమం నుంచి మధ్యమానికి దిగే మెట్టుని ఒకసారి కాకుండా మూడుసార్లు తిప్పాడు. పన్నెండు బార్లు పదహారయ్యాయి. ఇంటికి చేరబోతున్నట్టే ఉంటుంది, మళ్లీ వెనక్కి. మళ్లీ చేరబోతాడు, మళ్లీ వెనక్కి. మూడోసారి తాళం ఠక్కున ఆగిపోతుంది. ఆ ఖాళీలోంచి పిలుపు వినబడుతుంది, అప్పుడు ఇల్లు చేరతాం.

దీన్ని నాకు బాగా అర్థం చేయించింది మా మావయ్య. మృదంగం మనిషి, డెబ్బై దాటాయి. ఒకరోజు నేను ఇంట్లో ఆ పియానో నడకని సాధన చేస్తుంటే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చేతి కింద స్వరం తాళం మీద పడుతుంది, కుడి చేతి స్వరాల ముద్ద మాత్రం తాళం పక్కనుంచి వచ్చి గుద్దుతుంది. వినడానికి తేలిక. చేతుల్లోకి రావడానికి నాకు నెల పట్టింది. ఆయన కాసేపు తొడ మీద తాళం వేసి, “ఏరా, ఆదితాళంలో కూర్చుంటోంది కదా ఇది. ఎనిమిది ఆవర్తనాలు” అన్నాడు. పదహారు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం అరవై నాలుగు. ఆదితాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తనం, ఎనిమిది దెబ్బలు. సరిగ్గా ఎనిమిది ఆవర్తనాలే. అసలు రికార్డు పెట్టమన్నాడు. తాళం ఆగే చోటు రాగానే ఆయన చెయ్యి గాల్లో నిలిచిపోయింది. “అమ్మ దొంగా!” అని నవ్వాడు. “మళ్లీ పెట్టు.” నాలుగుసార్లు పెట్టించుకున్నాడు.

డ్రమ్స్ బిల్లీ హిగిన్స్. మావయ్య బాగా మెచ్చుకున్నది ఈయన్నే. ఎక్కడా గట్టిగా బాదడు, అయినా బండి ఒక్క క్షణం కూడా ఆగదు. బేస్ బుచ్ వారెన్, హాంకాక్ ఈడువాడే. ట్రంపెట్ ఫ్రెడ్డీ హబ్బర్డ్, 24 ఏళ్లు. టెనార్ శాక్సోఫోన్ డెక్స్టర్ గోర్డన్, అందరిలోకీ పెద్దవాడు, 39.

డెక్స్టర్ గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ రికార్డులో నేను ఎక్కువగా వెనక్కి తిప్పి విన్నది ఆయన సోలోల్నే. 1940లలోనే పేరు మోసినవాడు, 1950లలో చాలా కాలం మాదకద్రవ్యాల కేసుల్లో జైలు పాలయ్యాడు. తిరిగొచ్చి బ్లూ నోట్‌లో వాయించడం మొదలుపెట్టి ఏడాదే అయింది. అలాంటి పెద్దాయన ఒక 22 ఏళ్ల కుర్రాడి మొదటి రికార్డులో వాయిస్తున్నాడు. హబ్బర్డ్ మెరుపులా దూసుకెళ్తాడు. ఆయన తర్వాత డెక్స్టర్ వస్తాడు. పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని కథ మొదలుపెట్టినట్టు, తొందరేం లేదు. ఒక్కో స్వరం తాళానికి అరక్షణం వెనకాల పడుతుంది. ఆయన అలా ఆలస్యంగా వస్తాడని హాంకాక్‌కి తెలుసు. అందుకే అక్కడ పియానో తగ్గుతుంది. హబ్బర్డ్ కింద ఎక్కువగా గుచ్చుతూ ఉసిగొల్పిన మనిషి డెక్స్టర్ కింద చోటిచ్చి కూర్చుంటాడు. ఇది నాకు వినబడటానికి మూడేళ్లు పట్టింది. వినబడ్డాక మొదట అడిగిన ‘పియానో ఏది’ అన్న ప్రశ్నకి జవాబు దొరికింది. పియానో అంతటా ఉంది. తన పేరు అట్ట మీద ఉన్న రికార్డులోనే పక్కవాద్యం అంత శ్రద్ధగా వాయించాడు.

ఇదే బేస్, ఇవే డ్రమ్స్‌తో అదే ఏడాది ఆగస్టులో డెక్స్టర్ ‘గో’ అనే తన గొప్ప రికార్డు చేశాడు, పియానోకి సోనీ క్లార్క్ వచ్చాడు. ఆ తర్వాత యూరప్ వెళ్లి చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. మరో ఇరవైనాలుగేళ్లకి, 1986లో, ‘రౌండ్ మిడ్‌నైట్’ సినిమాలో డెక్స్టర్ ప్రధాన పాత్ర వేస్తే సంగీతం హాంకాక్ చేశాడు. దానికి హాంకాక్‌కి ఆస్కార్ వచ్చింది, డెక్స్టర్‌కి ఉత్తమ నటుడిగా నామినేషన్ వచ్చింది. ఆ సినిమా చూశాక ఈ సీడీ పెట్టుకుంటే డెక్స్టర్ మొదటి స్వరానికే గొంతు పట్టేస్తుంది నాకు.

వ్యాపారం సంగతి కూడా ఒకటుంది. మనలాంటి వాయిద్యకారులకి ముఖ్యమైనది. హాంకాక్‌ని న్యూయార్క్ తీసుకొచ్చి తన దగ్గర ఉంచుకున్నది ట్రంపెట్ వాద్యకారుడు డొనాల్డ్ బర్డ్. ఆయన ముందే చెప్పి పంపాడు, ట్యూన్ల పబ్లిషింగ్ హక్కులు (ట్యూన్ మీద వచ్చే రాబడి హక్కులు) మాత్రం కంపెనీకి రాసివ్వకు అని. కంపెనీ అడిగితే కుర్రాడు ఒప్పుకోలేదు. రికార్డింగే ఆగిపోతుందేమో అన్నంతవరకు వచ్చింది. అయినా మాట మీద నిలబడ్డాడు. ఆ తర్వాత క్యూబన్ తాళవాద్యకారుడు మోంగో సాంటమరియా ‘వాటర్‌మెలన్ మ్యాన్’ని తన బాణీలో చేస్తే 1963లో అమెరికా పాప్ చార్టులో పదో స్థానం దాకా వెళ్లింది. హక్కులు సొంతం కాబట్టి రాబడి హాంకాక్‌కి వచ్చింది. మా దగ్గర ట్యూన్లు కట్టి పేరు లేకుండా, పైసా లేకుండా ఇచ్చేసిన వాళ్లని ఎంతమందినో చూశాను. నేనూ ఒక భక్తిగీతాల క్యాసెట్‌కి నాలుగు బాణీలు కట్టిచ్చి, అట్ట మీద వేరే పేరు చూసుకున్నాను. 22 ఏళ్లకి ఆ కుర్రాడికి చెప్పేవాళ్లు ఉన్నారు, అతనికి వినే బుద్ధి ఉంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా డొనాల్డ్ బర్డ్‌కి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

మిగతా ట్యూన్లు. ‘త్రీ బ్యాగ్స్ ఫుల్’ నాకు అంతగా ఎక్కలేదు, ఇప్పటికీ. ‘ఎంప్టీ పాకెట్స్’ సిసలైన పన్నెండు బార్ల బ్లూస్, అంటే ఆరు ఆవర్తనాలు. బ్లూస్ అంటే ఏంటో కొత్తగా నేర్చుకునేవాళ్లు వేళ్లతో లెక్కపెట్టుకుంటూ వినడానికి దీనికంటే మంచిది నేను చూడలేదు. మా ట్రూపులో కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఇదే వినిపిస్తాను. ‘ది మేజ్’ బాగా మొదలవుతుంది, మధ్యలో కాస్త సాగుతుంది.

ఐదో ట్యూన్ ‘డ్రిఫ్టిన్’ దగ్గర ఆగాలి. దీనికి ‘వాటర్‌మెలన్ మ్యాన్’కి వచ్చిన పేరు రాలేదు. నాకు మాత్రం ఈ రికార్డులో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నడకలో ఒక తీరుబడి ఉంది. సాయంత్రం పని ముగించుకుని కాలవగట్టు మీద చేతులు ఊపుకుంటూ ఇంటికి పోతున్నట్టు ఉంటుంది. రాగం రెండు వాయిద్యాలు కలిసి వాయిస్తాయి, పాడుకోవడానికి వీలుగా, చిన్నచిన్న ముక్కలుగా. ముక్కకీ ముక్కకీ మధ్య పియానో ఒక్క మాట అంటుంది. అంతే. నేను కీబోర్డు మీద ఆ మాటలు ఒక్కొక్కటీ రాసుకున్నాను. ఎక్కువ భాగం రెండే కార్డులు. నాకైతే అక్కడ పది స్వరాలు వేయాలనిపించేది. చరణంలో సింగర్ ఊపిరి తీసుకునే చోటల్లా ఏదో ఒక బిట్టు దూర్చడం నాకు అలవాటు. చిన్నప్పటినుంచీ అలాగే నేర్చుకున్నాం మేము, ఖాళీ ఉంటే తప్పేమో అన్నట్టు.

ఒక శ్రీరామనవమికి, పందిట్లో పాత మెలోడీ ఒకటి వాయిస్తూ, ‘డ్రిఫ్టిన్’ తలుచుకుని చేతులు తీసేశాను. సింగరమ్మాయి లైను మొత్తం పాడింది, చివర్లో ఒక్క కార్డు వేశాను. భయమేసింది, ఎవరైనా తిట్టుకుంటారేమోనని. పాట అయ్యాక ఆ అమ్మాయి నా వైపు తిరిగి, “అన్నా, ఇవాళ నా గొంతు నాకు వినపడింది” అంది. ఈ సమీక్షలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. ఈ ఆల్బమ్ నాకు పియానో వాయించడం నేర్పిందో లేదో చెప్పలేను కానీ, ఎప్పుడు వాయించకూడదో మాత్రం నేర్పింది.

చివరిది ‘అలోన్ అండ్ ఐ’, నెమ్మదైన పాట. రాత్రి కచేరీ ముగిశాక వ్యానులో తిరిగొస్తూ ఇయర్‌ఫోన్లలో వినడానికి పెట్టుకుంటాను. చెవుల్లో రాత్రంతా మోగిన స్పీకర్ల హోరు దీనితో దిగిపోతుంది.

రికార్డింగ్ సంగతికొస్తే, వాన్ గెల్డర్ స్టూడియో గుడి గోపురంలా ఎత్తైన చెక్క పైకప్పు ఉన్న హాలు. ట్రంపెట్, శాక్సోఫోన్, డ్రమ్ మీది తాళాలు చేతికి అందేంత దగ్గరగా వినబడతాయి. పియానో మాత్రం కాస్త పెట్టెలో పెట్టి మూసినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో ఈ స్టూడియోలో చేసిన చాలా రికార్డుల్లో ఇదే తీరు. మొదటిసారి నాకు పియానో వినబడకపోవడానికి ఇదీ ఒక కారణం. ఫోన్ స్పీకర్‌లో వింటే బేస్ పూర్తిగా మాయమైపోతుంది, పియానో ఎడమ చెయ్యి దాంతోపాటే పోతుంది. మంచి హెడ్‌ఫోన్లయినా పెట్టుకోండి, లేకపోతే సగం రికార్డు విననట్టే.

నా సీడీలో ఆరు ట్యూన్ల తర్వాత మూడు అదనపు టేకులున్నాయి, మొదటి మూడు ట్యూన్లనే మరోసారి వాయించినవి. మొదట్లో వాటిని వినొద్దు. ఆరూ బాగా చెవికెక్కాక వినండి. అప్పుడు ఒకే సోలోని మనిషి రెండోసారి ఎంత వేరుగా చెప్పాడో తెలుస్తుంది. ముఖ్యంగా డెక్స్టర్. అవి నాకు పాఠాల్లా పనికొచ్చాయి. ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కూడా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను, వంకర తిరిగి వచ్చింది. మన ఎండల్లో పార్శిల్ గోడౌన్లలో ఉండి వచ్చేవాటికి ఆ ప్రమాదం ఉంది. వానాకాలం దాకా ఆగి తెప్పించుకోండి, విప్పగానే చదునుగా ఉందో లేదో చూసుకోండి. ఆ ఎల్పీ తిరిగి పంపితే డబ్బులు రావడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత మళ్లీ కొనలేదు, సీడీతోనే ఉన్నాను.

లోపాలు లేవని అనను. 1964, 65లలో వచ్చిన హాంకాక్ ఆల్బమ్‌లు ‘ఎంపిరియన్ ఐల్స్’, ‘మెయిడెన్ వాయేజ్’ విన్నాక వెనక్కొస్తే, ఇందులో హాంకాక్ సోలోలు ఇంకా పక్వానికి రాలేదని తెలుస్తుంది. తనకంటే ముందువాళ్ల మాటలు అక్కడక్కడా అలాగే దొర్లుతాయి. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో 1963లో చేరాక అతని చెయ్యి మారిపోయింది. అంత సాహసం ఇందులో వెతికితే దొరకదు. 1973లో ‘హెడ్ హంటర్స్’ ఆల్బమ్‌లో ‘వాటర్‌మెలన్ మ్యాన్’ని అతనే మళ్లీ చేశాడు, అందులో తాళవాద్యాలు వాయించే బిల్ సమ్మర్స్ బీరు సీసాలోకి ఊదుతూ మొదలుపెడతాడు. మా ట్రూపులో కుర్రాళ్లకి అదే నచ్చుతుంది. నేను వాదించను. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే ఒకే బండి రెండు వేరే ఊళ్ల దారుల్లో ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

జాజ్ అస్సలు వినని వాళ్లు దీనితో మొదలుపెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టొచ్చు. మొదటి ట్యూన్ ఎవరికైనా కాలు ఆడిస్తుంది. మూడో ట్యూన్ తర్వాత అలసట అనిపిస్తే నాలుగోది వదిలేసి నేరుగా ‘డ్రిఫ్టిన్’కి వెళ్లండి. వారం రోజులు అదొక్కటే వినండి. మొదట ట్రంపెట్ వెంట పోండి, తర్వాత డెక్స్టర్ వెంట, తర్వాత బేస్ వెంట. ఆ తర్వాత పియానో ఎక్కడెక్కడ ఆగుతోందో చూడండి.

మావయ్య పోయిన సంక్రాంతికి మా ఇంటికొచ్చాడు. చెయ్యి వణుకుతోంది ఇప్పుడు, మృదంగం ముట్టడం లేదు. భోజనాలయ్యాక “ఆ పుచ్చకాయలది పెట్టరా” అన్నాడు. తాళం ఆగే చోట ఆయన చెయ్యి మళ్లీ గాల్లో ఆగింది. వణకలేదు.